లీగు పేరు గుత్తకు తీసుకునే ముందు

పోయిన దసరా తర్వాత దేవరకొండ నుంచి ఇద్దరు తమ్ముళ్లు నన్ను వెతుక్కుంటూ నల్గొండ వచ్చారు. ఇంజినీరింగ్ అయిపోయింది. ఉద్యోగాల కోసం తిరుగుతూనే ఫోన్‌లో ఆడే క్రికెట్ గేమ్ ఒకటి తయారు చేశారు. ఆడి చూశాను. బంతి పిచ్ మీద పడి లేచే తీరు, బ్యాటు అంచుకు తగిలి స్లిప్పులోకి పోయే తీరు చక్కగా కుదిరాయి. వాళ్ల చేతిలో అక్కడి క్రికెట్ లీగు కమిటీ రాసిచ్చిన వంద రూపాయల బాండు పేపరు ఒకటి ఉంది. దాని మీద నాలుగు లైన్లు: "మా లీగుకు సంబంధించిన గేమింగ్ హక్కులన్నీ మూడు సంవత్సరముల పాటు ప్రత్యేకముగా మీకే చెందును. ఇందుకు గాను నాలుగు లక్షల రూపాయలు చెల్లించవలెను." కింద ఒకే సంతకం. ముద్ర లేదు.

"అన్నా, రేపటికల్లా పైసలు కట్టమంటున్నరు. కట్టమంటవా?"

వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో గడియారం సెంటర్ దగ్గర చాయ్ హోటల్లో కూర్చుని మూడు గంటలు చెప్పాను. ఆ మాటలనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. నేను వకీలును కాను. చిన్న గేములు చేసుకుని బతికేవాణ్ని. ఇలాంటి కాగితాల మీద రెండుసార్లు సంతకం పెట్టాను, మొదటిసారి దెబ్బతిన్నాను. మీ జిల్లాలో క్రికెట్ లీగో కబడ్డీ లీగో జరుగుతుంటే, దాని పేరు మీ గేమ్‌లో పెట్టుకోవాలనుకుంటే, మీకు ఇది పనికొస్తుంది. లీగు నడిపే కమిటీ వాళ్లు చదివినా మంచిదే.

గుత్త అనే మాట

మాది చండూరు దగ్గర పల్లె. నాలుగెకరాల బత్తాయి తోట. పిందె పడగానే బేరగాళ్లు వస్తారు. నచ్చిన ధర చెప్పినవాడికి నాన్న తోట గుత్తకిస్తాడు. ఆ రోజు నుంచి ఆ కాపు వాడిది. పక్క ఊరివాడు వచ్చి రెండింతలు ఇస్తానన్నా ఒక్క కాయ కూడా ఇవ్వడానికి లేదు. అయితే చెట్టు మాత్రం వాడిది కాదు, భూమి అసలే కాదు.

ఇంగ్లీషు కాగితాల్లో ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్ అని రాసేది ఇదే. లీగు తన పేరు, లోగో, జట్ల జెర్సీలు వాడుకునే హక్కు ఒక్క గేమ్ కంపెనీకే ఇస్తుంది. గడువు దాకా ఇంకొకరికి ఇవ్వకూడదు. మాట స్పష్టంగా రాస్తే లీగు తానే సొంతంగా గేమ్ చేసుకోవడానికి కూడా వీలుండదు. లీగు తాను చేసుకోవచ్చు కానీ మూడోవాడికి ఇవ్వకూడదు అని రాస్తే దాన్ని సోల్ లైసెన్స్ అంటారు. ఎంతమందికైనా ఇచ్చుకునేది నాన్ ఎక్స్‌క్లూజివ్. ఈ మూడింటికీ ధరలో చాలా తేడా ఉంటుంది. తమ్ముళ్ల కాగితంలో "ప్రత్యేకముగా" అన్న మాట ఉంది కానీ అది ఈ మూడింటిలో ఏదో తేలదు. అలాంటి మాటకు నాలుగు లక్షలు కట్టడమంటే హద్దులు లేని దస్తావేజు రాయించుకోవడమే.

నాన్నకు ఒక ఏడు ఇదే జరిగింది. సీజన్ కాపు గుత్తకిస్తే, కత్తెర కాపు కూడా తనదేనని బేరగాడు తోటలో కూర్చున్నాడు. కాగితంలో "ఈ సంవత్సరపు కాపు" అని ఉంది. ఏ కాపో రాయలేదు. ఊరి పెద్దలు కూర్చుని తెంపేసరికి కాయ మెత్తబడింది. నేను ఏ లైసెన్సు కాగితం చదివినా ఆ తోటే గుర్తొస్తుంది.

ముందు యజమానులను లెక్కపెట్టండి

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. అందుకే దీని మీద ఎక్కువసేపు ఉంటాను.

లీగుకు తన సొంతం కానిదాన్ని మీకిచ్చే హక్కు లేదు. ఒక ఆటలో కనీసం ముగ్గురు యజమానులుంటారు. లీగు పేరు, లోగో, కప్పు బొమ్మ లీగువి. జట్టు పేరు, జెర్సీ చాలాచోట్ల జట్టు యజమానివి. ఆటగాడి పేరు, ముఖం, ఆడే తీరు ఆటగాడివి. వీళ్లు కాక స్టేడియం ఉంటుంది, జెర్సీ మీద స్పాన్సరు లోగో ఉంటుంది, కామెంటరీ చెప్పే మనిషి గొంతు ఉంటుంది. ఎవరిది వాళ్లదే.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. బాస్కెట్‌బాల్ రారాజు మైకేల్ జోర్డాన్ ఆటగాళ్ల సంఘం ఉమ్మడిగా ఇచ్చే లైసెన్సులో లేడు. అందుకని 1990ల మధ్యలో అమెరికా గేమ్ కంపెనీ ఈఏ చేసిన ఎన్‌బీఏ గేముల్లో లీగు ఉంది, షికాగో బుల్స్ ఉంది, జోర్డాన్ పేరు లేదు. బేస్‌బాల్ ఆటగాడు బారీ బాండ్స్ కూడా సంఘం ఒప్పందం నుంచి బయటికొచ్చాడు. 2005 నాటి ఎంవీపీ బేస్‌బాల్ గేమ్‌లో అతని స్థానంలో "జాన్ డౌడ్" అనే కల్పిత మనిషిని పెట్టుకోవలసి వచ్చింది. జట్ల సంగతీ అంతే. ఇటలీ ఫుట్‌బాల్ జట్టు యువెంటస్ కొనామీ అనే ఇంకో గేమ్ కంపెనీతో ప్రత్యేక ఒప్పందం చేసుకునేసరికి, ఈఏ వాళ్ల ఫిఫా 20 గేమ్‌లో ఆ జట్టు "పియెమోంటె కాల్చియో" అయిపోయింది. ఆటగాళ్లు వాళ్లే, పేరూ జెర్సీ వేరు.

అన్నిటికన్నా పెద్ద పాఠం ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫాదే. 1993 నుంచి ముప్పై ఏళ్లపాటు ఈఏ ఫుట్‌బాల్ గేములకు ఫిఫా అన్న పేరుండేది. ఆ పేరు పోతే గేమే పోతుందని లోకమంతా అనుకుంది. 2022లో రెండూ విడిపోయాయి. ఫిఫా 23 చివరిది. 2023 సెప్టెంబరులో ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24 వచ్చింది. అందులో 19,000 మందికి పైగా ఆటగాళ్లు, 700 జట్లు, 30 లీగులు ఎప్పటిలాగే ఉన్నాయి. ఎందుకంటే ఈఏ వాటన్నిటినీ ఫిఫా దగ్గర తీసుకోలేదు. ఆటగాళ్ల కోసం వాళ్ల అంతర్జాతీయ సంఘం ఫిఫ్‌ప్రోతో, లీగుల కోసం లీగులతో, కొన్ని జట్లతో నేరుగా వేర్వేరు కాగితాలు రాసుకుంది. ఫిఫా దగ్గర ఉన్నవి ప్రధానంగా ఆ పేరు, ప్రపంచకప్పు. గేట్ మీద బోర్డు మారింది, తోట అలాగే ఉంది.

ఇక మన దగ్గరికి వస్తే ఆటగాళ్ల సంగతి ఇంకా కష్టం. ఇంగ్లండ్‌లో, ఆస్ట్రేలియాలో ఆడుతున్న క్రికెటర్లకు సంఘాలున్నాయి. ఒక్క సంతకంతో అందరి పేర్లూ దొరికే దారి ఉంది. మన దేశంలో 2019లో ఏర్పడిన ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ రిటైరైన వాళ్లకు మాత్రమే. ఇప్పుడు ఆడుతున్నవాళ్ల తరఫున ఉమ్మడిగా సంతకం పెట్టే సంఘం లేదు. జిల్లా లీగులోనైతే ప్రతి ఆటగాడి దగ్గరికీ మీరే పోవాలి, లేదా ఆటగాళ్లు లీగులో చేరేటప్పుడు నింపే ఫారంలోనే గేమ్‌లో తమ పేరు, ముఖం వాడుకోవడానికి ఒప్పుకుంటున్నామని స్పష్టంగా రాసి ఉండాలి. ఆ ఫారం కాపీ అడగండి. "అన్నీ మేం చూసుకుంటం" అన్న మాట చాలదు.

నా మొదటి కాగితం ఒక ప్రైవేటు కబడ్డీ లీగుతో. మా గేమ్ పోస్టరు మీద ఒక రైడర్ బొమ్మ వేశాం. కూత పెట్టి బోనస్ గీత దాటుతున్న భంగిమ, నిజంగానే అతని ఫొటో చూసి గీసింది. విడుదలైన వారానికి ఆ అబ్బాయి కల్వకుర్తి వైపు నుంచి బస్సెక్కి వచ్చాడు. కోపంగా ఏం లేడు. "అన్నా, నా ముఖం పెట్టుకున్నరు. ఊర్లె అందరు ఎన్ని పైసలొచ్చినయ్ అని అడుగుతున్నరు. నాకైతే ఎవ్వరు చెప్పలే" అన్నాడు. లీగు వాళ్లను అడిగితే ఆటగాళ్ల సంగతి మాకు సంబంధం లేదన్నారు. మా కాగితంలో ఆటగాళ్ల ఊసే లేదు. పోస్టరు తీసేశాం, ఆ అబ్బాయికి ఇవ్వగలిగింది ఇచ్చాం. అతను వచ్చిన తీరు, అడిగిన తీరు ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది. ఒకరి కష్టం మీద బొమ్మ గీసి, వాళ్లకు కబురు కూడా చేయకపోవడం తప్పు. చట్టం ఏం చెప్పినా అది తప్పే.

అమెరికాలో ఇదే సంగతి కోర్టుకెక్కింది. ఎడ్ ఒబానన్ అనే పాత కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు స్నేహితుడి ఇంట్లో వీడియో గేమ్‌లో తనను తాను చూసుకున్నాడు. అదే జట్టు, అదే నంబరు, అతని ఆటే. అతనికి ఒక్క డాలరు రాలేదు. 2009లో దావా వేశాడు. అలాంటి దావాలు ఇంకా పడ్డాయి. చివరికి ఈఏ, కాలేజీల లైసెన్సులు చూసే కంపెనీ కలిసి 4 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. ఈఏ వాళ్ల కాలేజీ ఫుట్‌బాల్ (అమెరికా రకం ఫుట్‌బాల్) గేమ్ కూడా 2013తో ఆగిపోయింది. మళ్లీ 2024 జూలైలో వచ్చేసరికి పద్ధతి మారింది. ఒప్పుకున్న ప్రతి ఆటగాడికీ 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ. ఇష్టం లేనివాడు గేమ్‌లో ఉండడు. పదకొండేళ్లు గేమ్ లేకుండా పోయిందంటే మూలం, ఆటగాడి సంతకం లేకపోవడమే.

ఇంకో మాట. మన లీగుల్లో పద్దెనిమిది నిండని పిల్లలు చాలామంది ఆడతారు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదు. తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. అప్పుడు కూడా వకీలును అడిగే ముందుకు పొండి. నేనైతే పిల్లల ముఖాలు అసలే వాడను.

అసలు లైసెన్సు కావాలా?

ఈ ప్రశ్న తమ్ముళ్లను అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లైసెన్సు లేకుండా కూడా మంచి గేములు వచ్చాయి. నేను డిగ్రీ చదివే రోజుల్లో ప్రకాశం బజార్ వెనక ఒక నెట్ సెంటర్లో గంటకింత అని ఇచ్చి ఈఏ వాళ్ల క్రికెట్ 07 ఆడేవాళ్లం. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆటగాళ్ల పేర్లు సరిగ్గా ఉండేవి, యాషెస్ కూడా ఉండేది. మనవాళ్ల పేర్లు మాత్రం అక్షరాలు అటూ ఇటూ అయి కనిపించేవి. ఎవరో పెన్ డ్రైవ్‌లో అసలు పేర్ల ఫైలు తెచ్చేవాడు, మార్చుకుని ఆడేవాళ్లం. కొనామీ ఫుట్‌బాల్ గేములో మాంచెస్టర్ యునైటెడ్ "మ్యాన్ రెడ్" అయింది. అయినా ఆట బాగుంది కాబట్టి జనం వదల్లేదు. ఆస్ట్రేలియాకు చెందిన బిగ్ యాంట్ కంపెనీ డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14లో ఇంకో దారి పట్టింది. ఆటగాళ్లను తయారు చేసుకుని పంచుకునే అకాడమీ ఒకటి ఆడేవాళ్ల చేతికే ఇచ్చింది.

చట్టం వైపు చూస్తే, 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పిచ్చింది. క్రికెటర్ల బొమ్మలతో డిజిటల్ కార్డులు అమ్మే రారియో సంస్థ, తన పోటీదారైన స్ట్రైకర్ మీద వేసిన కేసు అది. ఆటగాళ్లతో తనకు ప్రత్యేక ఒప్పందాలున్నాయని రారియో వాదన. జనానికి ఎలాగూ తెలిసిన ఆటగాళ్ల పేర్లు, పరుగులు, వికెట్ల లెక్కలు వాడుకోవడాన్ని అలా ఆపలేమని కోర్టు చెప్పింది. అయితే దీన్ని పట్టుకుని ఎవరి ఫొటో అయినా పెట్టుకోవచ్చనుకోకండి. ఫలానా ఆటగాడు మా గేమ్‌ను మెచ్చుకున్నాడు అనిపించేలా చేస్తే అది వేరే కథ. లీగు లోగో ట్రేడ్‌మార్క్ కిందికి, దాని బొమ్మ కాపీరైట్ కిందికి వస్తాయి. అది అనుమతి లేకుండా ముట్టుకోకూడదు.

నా మాటగా చెప్పాలంటే, మొదటి గేమ్‌కు లైసెన్సు తీసుకోకండి. కల్పిత జట్లతో విడుదల చేయండి. పదివేల మంది ఆడాక లీగు దగ్గరికి పోతే బేరం మీ చేతిలో ఉంటుంది. తమ్ముళ్లకు ఈ మాట నచ్చలేదు. "మన ఊరి జట్టు పేరుంటేనే కదన్నా జనం ఆడేది" అన్నారు. అందులో కూడా నిజముంది, కాదనను.

హద్దులు

సరే, లైసెన్సు తీసుకోవాలనే అనుకున్నారు. ఇప్పుడు పొలం కాగితంలో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం రాసినట్టు రాయించండి.

ఏ రకం ఆట? మ్యాచ్‌ను మ్యాచ్‌లాగే ఆడించే గేమా, గల్లీ క్రికెట్‌లాంటి సరదా గేమా, జట్టును నడిపే మేనేజర్ గేమా? అమెరికా ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ అసలు మ్యాచ్‌లాంటి గేమ్‌ను ఈఏకే గుత్తకిచ్చింది. 2020లో మాత్రం సరదా రకం గేముల కోసం 2కే కంపెనీతో వేరే ఒప్పందం చేసుకుంది. అలా వీలైందంటే మొదటి కాగితంలో హద్దు అక్కడ గీసి ఉందన్నమాట. మీరు "అన్ని రకాలు" అని రాయించుకుంటే ఎక్కువ కట్టాలి. చేయని రకానికి డబ్బు కట్టొద్దు.

ఏ యంత్రం మీద? ఫోనా, కంప్యూటరా, టీవీకి పెట్టే కన్సోలా? ఇక్కడ ఒక చిన్న మాట ఎంత పని చేస్తుందో చూడండి. 2005లో టేక్ టూ కంపెనీ అమెరికా బేస్‌బాల్ లీగుతో ప్రత్యేక ఒప్పందం చేసుకుంది, అది 2012 దాకా నడిచింది. కానీ ఆ ప్రత్యేకత బయటి కంపెనీల మధ్యే. కన్సోల్ తయారుచేసే కంపెనీలు తమ యంత్రం కోసం తామే గేమ్ చేసుకోవచ్చని వదిలేశారు. ఆ సందులోంచి సోనీ తన బేస్‌బాల్ గేమ్ ఏటా తెచ్చుకుంది. టేక్ టూ సిరీస్ 2013లో ఆగిపోయింది, సోనీది ఇవాళ్టికీ నడుస్తోంది. మీ కంచెలో ఎవరికి గేటు పెట్టారో చూసుకోండి.

ఎంత కాలం, ఏ ప్రాంతం? ఇవి రాయడం మరిచిపోతే మన కాపీరైట్ చట్టమే నింపుతుంది. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం. ఇంకోటి కూడా ఉంది. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, కాగితంలో వేరేలా రాయకుంటే, అది పోయినట్టే లెక్క. గేమ్ తయారవడానికి ఏడాదిన్నర పడుతుందనుకుంటే ఆ మాట ముందే రాయించుకోవాలి. దుబాయ్‌లో, అమెరికాలో ఉన్న పాలమూరు, నల్గొండ వాళ్లు ఆడతారని ఆశపడితే "ప్రపంచమంతా" అని రాయించండి.

డబ్బు

సాధారణంగా రెండు ముక్కలుంటాయి. ముందుగా కట్టేది కొంత, అమ్మకం మీద శాతం కొంత. ముందు కట్టింది శాతంలో మినహాయించుకునేలా రాయించండి. లేకపోతే రెండుసార్లు కట్టినట్టు.

శాతం దేని మీద అన్నది అసలు మాట. బత్తాయి మార్కెట్లో ధర ఎంతన్నది కాదు, తరుగు ఎంత తీశాక అన్నది రైతు బతుకు తేల్చినట్టే ఇదీ. ఉదాహరణకు నెలకు లక్ష రూపాయల అమ్మకం వచ్చిందనుకోండి. గూగుల్ ప్లే చిన్న డెవలపర్ల దగ్గర 15 శాతం తీసుకుంటుంది, 85 వేలు మిగులుతుంది. ప్రకటనలు, సర్వర్లు, జీతాలు పోగా ఇరవై వేలు మిగిలిందనుకుందాం. పది శాతం రాయల్టీ లక్ష మీద అయితే 10,000, ఎనభై ఐదు వేల మీద 8,500, ఇరవై వేల మీద 2,000. కాగితంలో మాత్రం మూడింటికీ "ఆదాయంలో 10 శాతం" అనే రాస్తారు. స్టోరు కమీషను, పన్ను పోగా వచ్చిన దాని మీద అని రాయడం ఇద్దరికీ న్యాయం. జీతాలు కూడా తీసేస్తామంటే లీగుకు అన్యాయం, అలా అడగొద్దు. మూడు నెలలకోసారి లెక్క పంపాలి, లీగు అడిగితే పుస్తకాలు చూపాలి. జీఎస్టీ 18 శాతం ఎవరి నెత్తిన పడుతుందో, రాయల్టీ మీద టీడీఎస్ ఎవరు కడతారో మీ సీఏను అడిగి రాయించండి.

పైసలు పెట్టి ఆడే పోటీలు గేమ్‌లో పెట్టమని లీగు వాళ్లు అడిగితే ఒప్పుకోవద్దు. తెలంగాణలో 2017 నుంచే నిషేధం, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది.

గుత్త తీసుకుంటే ఏం బాధ్యత

2004లో సెగా, టేక్ టూ కలిసి ఎన్‌ఎఫ్‌ఎల్ 2కే5 అనే ఫుట్‌బాల్ గేమ్‌ను 19.99 డాలర్లకే అమ్మారు. గేమ్ చాలా బాగుంది. పోటీ తట్టుకోలేక ఈఏ తన మ్యాడెన్ గేమ్‌ను దాదాపు 50 డాలర్ల నుంచి 29.95కు దించింది. అదే ఏడాది డిసెంబరులో ఎన్‌ఎఫ్‌ఎల్‌తో, ఆటగాళ్ల సంఘంతో ప్రత్యేక ఒప్పందం కుదుర్చుకుంది. పోటీ గేమ్ పోయింది, మరుసటి ఏడు మ్యాడెన్ ధర మళ్లీ పైకెక్కింది. కొన్నవాళ్లు 2008లో దావా వేశారు. 2012లో ఈఏ 2.7 కోట్ల డాలర్లకు రాజీపడింది. కాలేజీ ఫుట్‌బాల్ ప్రత్యేక లైసెన్సును ఐదేళ్లు పొడిగించుకోనని కూడా ఒప్పుకుంది.

ఆడేవాడి వైపు నుంచి చూస్తే నాకు ఈ గుత్తలంటే ఇష్టం లేదు. రెండు గేములుంటే రెండూ బాగుపడతాయి. ఒక్కటే ఉంటే అది నిద్రపోతుంది. అయినా చిన్నవాడికి ప్రత్యేక హక్కు లేకపోతే, గేమ్ పేరు తెచ్చుకోగానే పెద్ద కంపెనీ వచ్చి అదే లీగును ఎగరేసుకుపోతుందన్న భయం నిజమే. అందుకని నేను లీగు కమిటీలకు చెప్పే మాట ఒకటుంది. ప్రత్యేకంగా ఇచ్చినా ఒక్క సీజనుకే ఇవ్వండి. ప్రతి సీజను మొదలయ్యేలోపు కొత్త జట్లతో గేమ్ తేకపోతే ప్రత్యేకత పోయి మామూలు లైసెన్సుగా మారేలా రాయించండి. గేమ్ చేసేవాళ్లూ దీనికి జంకొద్దు. పని చేసేవాడికి ఈ షరతుతో నష్టం లేదు.

కమిటీ చేత రాయించుకోకూడనిది కూడా ఒకటుంది: ఇంకెవరూ ఈ జిల్లాలో లీగు పెట్టకుండా చూస్తామన్న మాట. ఐపీఎల్ ప్రసార హక్కుల ఒప్పందంలో, పోటీ లీగును గుర్తించబోమన్న హామీ ఇచ్చినందుకు, వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2013లో బీసీసీఐకి 52.24 కోట్ల రూపాయల జరిమానా వేసింది. మనది ఎంత చిన్న లీగైనా ఆ జోలికి పోవద్దు.

కాగితం, సంతకం

నా కబడ్డీ లీగు రెండో సీజనుకు కమిటీ రెండుగా చీలింది. మాకు సంతకం పెట్టిన పెద్దమనిషి ఒక వర్గం. "ఆయనకు ఎవరిచ్చిన్రు అధికారం?" అని రెండో వర్గం నోటీసు పంపింది. లక్షన్నర కట్టి ఆ సీజను గేమ్ తేలేకపోయాం. అప్పటి నుంచి నేను ముందు అడిగేవి ఇవి: లీగు నడిపేది రిజిస్టరైన సొసైటీయా, కంపెనీయా, ఒక మనిషా? సొసైటీ అయితే ఫలానా వ్యక్తికి సంతకం చేసే అధికారం ఇస్తున్నట్టు తీర్మానం ఏది? లీగు పేరు ట్రేడ్‌మార్క్ ఎవరి పేరున ఉంది? ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో పబ్లిక్ సెర్చ్ ఉచితం. 9 (సాఫ్ట్‌వేర్), 28 (ఆట వస్తువులు), 41 (వినోదం, క్రీడలు) తరగతుల్లో వెతకండి. తమ్ముళ్లతో అక్కడికక్కడే ఫోన్‌లో వెతికించాను. ఆ లీగు పేరున దరఖాస్తు కూడా లేదు.

ఎవరైనా అదే లోగోతో దొంగ గేమ్ తెస్తే కేసు ఎవరు వేయాలో రాయించండి. కాపీరైట్‌కు ప్రత్యేక లైసెన్సుదారు తానే కోర్టుకు పోవచ్చు. ట్రేడ్‌మార్క్ విషయంలో అంత సులువు కాదు, లీగు ముందుకు రావాలి.

గడువు అయ్యాక ఏమవుతుందో కూడా అప్పుడే రాసుకోవాలి. ఫిఫాతో విడిపోయాక ఈఏ పాత ఫిఫా గేములను డిజిటల్ స్టోర్ల నుంచి తీసేసింది. కొనుక్కున్నవాళ్లు మాత్రం ఆడుకోగలిగారు. మీ కాగితంలో ఇన్ని మాటలుండాలి: గడువు తర్వాత కొత్తగా అమ్మకూడదు, ఇప్పటికే దింపుకున్నవాళ్ల ఫోన్లలో గేమ్ నడవాలి, లోగో తీసేసి కొత్త వెర్షన్ పంపడానికి మూడు నెలల సమయం ఉండాలి. తగవు వస్తే నల్గొండ కోర్టు పరిధి అని రాయించుకోండి. హైదరాబాద్ అని రాస్తే ప్రతి వాయిదాకూ బస్సెక్కాల్సి వస్తుంది. ఇదంతా అయ్యాక ఒక వకీలుకు చూపించండి. ఆయనకిచ్చే ఐదారు వేలు అన్నిటికన్నా చవక.

తమ్ముళ్లు ఆ బాండు పేపరు వెనక్కిచ్చేశారు. నెల తర్వాత కమిటీతో మళ్లీ కూర్చున్నారు, నేనూ వెళ్లాను. ఒక్క సీజను, ఫోన్ గేమ్ మాత్రమే, ప్రత్యేకం కాదు. ముందు నలభై వేలు, స్టోరు కమీషను పోగా వచ్చిన దాంట్లో ఎనిమిది శాతం. వచ్చే ఏడు ఎవరికైనా ప్రత్యేకంగా ఇవ్వాలనుకుంటే కమిటీ ముందు వీళ్లనే అడగాలి. తీర్మానం కాపీ జత చేశారు. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే ఇద్దరూ గ్రౌండుకు పోయి, మ్యాచుకు ముందు ఆటగాళ్ల దగ్గర కూర్చుని ఫారం చదివి వినిపించి సంతకాలు తీసుకుంటున్నారు. నూట నలభై మందిలో నూట పన్నెండు మంది పెట్టారు. మిగిలినవాళ్లు ప్రస్తుతానికి గేమ్‌లో పేరు, ముఖం లేకుండా, వాళ్లవి కాని నంబర్ల జెర్సీలతో ఆడతారు.